సౌండ్ పెంచే ఇల్లు

రిమోటుకి కొత్త ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేస్తుంటే చూశాను, సౌండు పెంచే బటన్ మీద గుర్తు పూర్తిగా చెరిగిపోయింది. మిగతావన్నీ కొత్తగానే ఉన్నాయి. అంకెలు, బాణాలు, కింద మూలన సౌండు మొత్తం ఆపేసే ఎర్ర బటన్, అన్నీ కొన్న రోజు ఎలా ఉన్నాయో అలాగే. ఆ ఒక్క బటన్ మీదే ఇన్నేళ్లూ నా బొటనవేలు పనిచేసింది.

ఆదివారం. పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది. లాస్య చాప మీద కూర్చుని బొమ్మకి జడ వేస్తోంది. దానికి నాలుగేళ్లు. మా ఆయన గణేష్‌బాబు స్నానం చేసి వచ్చేలోపు టీవీ పెట్టి ఉంచాలి, ఫ్యాను కింద కుర్చీ వెయ్యాలి, సీసాలో చల్లటి నీళ్లు పక్కన పెట్టాలి. టీవీలో ‘నవ్వుల రేవు’ కామెడీ ప్రోగ్రాం శుక్రవారం రాత్రి కొత్తది, ఆదివారం మధ్యాహ్నాలు పాత ఎపిసోడ్లు వేస్తారు. ఆయన ఎరువుల కొట్లో పనిచేస్తారు. వారమంతా రైతులకి సమాధానం చెప్పి చెప్పి తల వేడెక్కిపోయి ఉంటుందట, ఆ కాసేపైనా నవ్వుకోవాలట. మా అత్తగారు అచ్చాయమ్మ అలాగే అంటారు. మగాడు నవ్వితే ఇల్లు చల్లగా ఉంటుందే అని.

పిఠాపురంలో మా వీధిలో మా ఇంటికి మంచి పేరుంది. గోడ అవతల దీనమ్మగారు ఉంటారు. నేను బట్టలు ఆరేస్తుంటే పలకరిస్తారు. “మీ ఇంట్లో ఉన్నంత సరదా వీధి మొత్తంలో లేదమ్మా. శుక్రవారం వస్తే చాలు, ఒకటే నవ్వులు. మీ ఆయన హుషారైన మనిషి” అంటారు. అవునండి అంటాను. పెదవి వాచి ఉంటే కొంగు అడ్డం పెట్టుకుని పంటినొప్పండి అంటాను. పాపం ఆవిడ లవంగం బుగ్గన పెట్టుకోమని గోడ మీంచి ఇస్తారు కూడా. మా ఇంట్లోంచి వీధిలోకి వెళ్లే చప్పుడు నవ్వు ఒక్కటే. టీవీలో ఎక్కడో స్టూడియోలో కూర్చున్న జనం నవ్వు. దాని కింద ఏముందో బయటికి తెలియకుండా చూసే పని నాది.

ఆ పని నాకు నేర్పింది మా అత్తగారే. పెళ్లయిన కొత్తల్లో, అన్నం ముద్దయ్యిందని ఆయన మొదటిసారి చెయ్యెత్తినప్పుడు నేను గట్టిగా అరిచాను. ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు. కొడుకు చెయ్యి పట్టుకుంటారనుకున్నాను. ఆవిడ తిన్నగా టీవీ దగ్గరికి వెళ్లి సౌండు పెంచారు. ఆయన ఆపాక నా పక్కన కూర్చుని, తడిగుడ్డతో నా మొహం తుడుస్తూ, రిమోటు నా చేతిలో పెట్టారు. “మా రోజుల్లో రేడియో ఉండేదే. మీ మావయ్యగారు లేచారంటే నేనే వెళ్లి పెంచుకుని, వచ్చి నిలబడేదాన్ని. ఇంక నుంచి నువ్వే చూసుకో” అన్నారు. ఆవిడ ఎడంచెయ్యి మోచేతి దగ్గర వంకర. చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడ్డాను అంటారు. నేను ఆవిణ్ణి అసహ్యించుకుందామని చాలాసార్లు అనుకున్నాను. ఆ వంకర చేత్తో గిన్నెలు తోముతుంటే చూసి, చేతకాక ఊరుకున్నాను.

నాకు ఆ ప్రోగ్రామంటే ప్రాణం. ఈ మాట ఎవరికైనా చెబితే నవ్వుతారేమో. దానివల్ల ఇంత పడ్డా, ఆ మొదటి మ్యూజిక్ వచ్చేసరికి నా ఒంట్లో ఏదో లేచి కూర్చుంటుంది. ముందు డప్పు మీద రెండు దెబ్బలు, తర్వాత కీబోర్డు మీద పిల్లి పరిగెత్తినట్టు ఒక వరస, చివర్న చప్పట్లు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మొదలైంది. మా నాన్న భీమరాజు రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు మోసేవాడు. భుజం మీద జిగురు మరకలతో, ఒళ్లు హూనమై వచ్చి, ఆ మ్యూజిక్ వినగానే మంచినీళ్లు కూడా అడక్కుండా గుమ్మంలోనే చతికిలబడేవాడు. అమ్మ చాటలో బియ్యం వేసుకుని ఏరుతూ చూసేది. మీసాలు తీయించుకుని చీరకట్టిన మగాడు పెళ్లాం వేషంలో వచ్చి చెంపదెబ్బ తినేవాడు. ఆ దెబ్బకి సరిగ్గా స్టేజీ పక్కన కీబోర్డు ముందు కూర్చున్నాయన ‘టడాంగ్’ అని కొట్టేవాడు. అది లేకపోతే ఆ దెబ్బకి నవ్వు రాదు. అందరూ యాక్టర్లని చూస్తే నేను ఆయన్ని చూసేదాన్ని. ఎప్పుడో ఒకసారి కెమెరా ఆయన వైపు తిరిగేది. తల ఎత్తేవాడు కాదు, వేళ్ల మీదే ధ్యాస. నాకు అలా కూర్చోవాలని ఉండేది. నోటితోనే అన్ని చప్పుళ్లూ చేసేదాన్ని. స్కూలు వార్షికోత్సవానికి పిల్లలు స్కిట్ వేస్తే మధులత టీచర్ నన్ను మైకు ముందు నిలబెట్టి మొత్తం మ్యూజిక్ నాతోనే చేయించారు. నీకు తాళజ్ఞానం ఉందే, చదువు మానకు అన్నారు. ఇంటర్ సగంలో ఉండగా ఈ సంబంధం వచ్చింది. పెళ్లిచూపుల్లో ఆయన అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, నవ్వుల రేవు చూస్తావా అని. చూస్తానండి అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఇంతలా నవ్వే మనిషి కొట్టడనుకున్నాను.

కొట్టేవాళ్లు నవ్వరని నాకెవరు చెప్పారో మరి. ఆయన నవ్వుతూనే లేస్తారు. నవ్వుతూనే జుట్టు పట్టుకుంటారు. టీవీలో వేషం కట్టినాయన దెబ్బ తిని అంత దూరాన పడితే, “చూడు, ఎంత అందంగా పడ్డాడో, నువ్వేంటే గుంజలా నిలబడతావ్” అని ఇంకోటి వేస్తారు. ఒకసారి తల తీసుకెళ్లి బీరువా అంచుకి కొట్టారు. ఒకసారి పొట్టలో తన్నారు, అప్పటికి లాస్య కడుపున పడి నాలుగో నెల. పోయిన వానాకాలంలో ఎడంచెవి మీద అరచేత్తో కొట్టారు. లోపల ఏదో పటుక్కుమంది, దిండు మీద నెత్తురు చుక్కలు. కర్ణభేరి చిరిగిందన్నారు డాక్టరుగారు. బాత్రూంలో కాలు జారిందని ఆయనే చెప్పారు, నేను తలూపాను. అప్పట్నుంచీ ఆ చెవికి ఏమీ వినబడదు. ఆ మ్యూజిక్ ఇప్పుడు నాకు ఒక పక్కనే వస్తుంది. తాళజ్ఞానం ఉన్నది పోయిన చెవిలోనో, మిగిలిన చెవిలోనో నాకు తెలీదు.

ఇదంతా మోస్తాను. కానీ పోయిన వారం అంగన్‌వాడీలో హైమ టీచర్ నవ్వుతూ చెప్పిన మాట లోపల గుచ్చుకుని ఉండిపోయింది. లాస్య పక్క పిల్లని చెంప మీద కొట్టి, నోటితో టడాంగ్ అందట. పిల్లలంతా ఒకటే నవ్వట. మీ పాప భలే యాక్టింగండి అంది. కొట్టించుకున్న పిల్ల కూడా నవ్విందా అని అడిగాను. హైమకి అది గుర్తులేదు. అప్పట్నుంచీ దాన్ని గమనిస్తూనే ఉన్నాను. బొమ్మని కొడుతుంది, టడాంగ్ అంటుంది, పకపకా నవ్వుతుంది. బొమ్మ కింద పడితే ఇంకా నవ్వుతుంది. దానికి నా చెవి వచ్చింది, నా తాళం వచ్చింది. దానితో అది ఏం నేర్చుకుంటోందో తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు.

ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నారు. అత్తగారు చాప మీద, పక్కనే లాస్య ఒళ్లో కంచం పెట్టుకుని. నేను వడ్డిస్తున్నాను. డప్పు రెండు దెబ్బలు, పిల్లి పరుగు, చప్పట్లు. ఆ ఎపిసోడ్ నాకు తెలుసు. మా నాన్న గుమ్మంలో కూర్చుని చూసి, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్న ఎపిసోడ్. అన్ని ఎపిసోడ్లలోకీ ఆ ఒక్కదాంట్లోనే పెళ్లాం తిరగబడుతుంది. చపాతీకర్ర తీసుకుని మొగుణ్ణి స్టేజీ చుట్టూ తరుముతుంది. అది వస్తుందని నాకు ముందే తెలుసు, అయినా గరిటె చేత్తో పట్టుకుని చూస్తుండిపోయాను. కర్ర వాడి వీపు మీద పడింది, కీబోర్డాయన టడాంగ్ అన్నాడు, నేను నవ్వేశాను. ఆ ఇంట్లో నా నవ్వు నేనే మొదటిసారి విన్నాను.

ఆయన నవ్వలేదు. నావైపు తిరిగి, “దేనికే నవ్వుతున్నావ్” అన్నారు.

ఊరికేనండి అన్నాను. ఆయన కంచం కింద పెట్టి లేచారు. అత్తగారు తల దించుకుని, రిమోటు చాప మీంచి నావైపు తోశారు. అలవాటు. నా చెయ్యి కూడా అలవాటుగానే దాన్ని అందుకుంది, బొటనవేలు అరిగిన బటన్ మీదికే వెళ్లింది. నేనే పెంచాను. స్టూడియో జనం గొల్లుమన్నారు. అప్పుడు మొదటి దెబ్బ పడింది. నోట్లో ఉప్పగా తగిలింది. గరిటె ఎగిరి కూర గోడ మీద పడింది. రెండో దెబ్బకి గోడకి తగిలి కిందకి జారాను.

“టడాంగ్.”

టీవీ కాదు. చాప మీంచి. సరిగ్గా దెబ్బ పడిన క్షణానికి, రవ్వంత ముందూ కాదు, వెనకా కాదు. లాస్య నోటినిండా అన్నంతో నన్ను చూసి నవ్వుతోంది.

ఆయన ఆగారు. మొహంలో కోపం పోయి మురిపెం వచ్చింది. “అబ్బ, ఎంత కరెక్టుగా చేసిందో చూశావా అమ్మా. ఏదీ, మళ్లీ చెయ్యి తల్లీ” అని నా జుట్టు పట్టుకుని పైకి లేపి, కూతురి వైపు చూస్తూ, చెయ్యి ఎత్తి, దానికి సైగ చేసి మరీ కొట్టారు.

“టడాంగ్” అంది నా కూతురు. చప్పట్లు కొట్టింది.

మెచ్చుకుంటానేమో అని నావైపు చూసింది. నా కూతురు నన్ను చూసి భయపడి ఏడ్చినా బావుండేది. రేపు ఇది పెద్దదై, ఎవడి ముందో ఇలా గోడకి జారగిలబడి ఉంటే, దాని బొటనవేలు కూడా ఇలాగే బటన్ కోసం వెతుక్కుంటుందా. లేకపోతే మా అత్తగారిలా వచ్చి ఇంకెవరి చేతిలోనో రిమోటు పెడుతుందా. పెట్టి, మొహం తుడుస్తుందా.

రిమోటు ఇంకా నా చేతిలోనే ఉంది. ఎన్నడూ నొక్కని ఎర్ర బటన్ కవరు కింద గట్టిగా ఉంది. నొక్కాను.

ఇల్లు మూగబోయింది. తెరమీద జనం నోళ్లు తెరిచి ఊగుతున్నారు, చప్పుడు లేదు. ఆయన చెయ్యి అప్పటికే గాల్లో ఉంది, ఆగలేదు. ఆ దెబ్బ కింద నవ్వు లేదు, కీబోర్డు లేదు. ఒట్టి దెబ్బ. దాని వెంట నా గొంతు. ఇన్నేళ్లూ జనం నవ్వుల కింద తొక్కి పెట్టిన అరుపు, నాకే కొత్తగా, ఇంత పొడుగ్గా ఉంటుందని తెలియని అరుపు. లాస్య నోరు తెరిచింది, చప్పుడు రాలేదు. దాని కింది పెదవి వణికింది. తర్వాత ఏడుపు అందుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

“సౌండు పెట్టవే, సౌండు పెట్టు” అంటూ అత్తగారు ఆ వంకర చెయ్యి చాపారు. నేను రిమోటు గుండెలకి గట్టిగా అదుముకున్నాను. ఆయన కిటికీ వైపు చూశారు, నావైపు చూశారు. మొదటిసారి ఆయన కళ్లల్లో నాకు తెలిసిన భయం కనబడింది. ఆదివారం, అన్నాల వేళ, వీధి మొత్తం ఇళ్లల్లోనే ఉంది. పక్కింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

గోడ అవతల కుర్చీ జరిగింది. “ఏంటమ్మా ఆ అరుపు? టీవీ ఆపేశారేంటి, పాడైందా సూర్యకళా?” దీనమ్మగారి గొంతు.

ఆయన పెదాల మీద వేలు పెట్టుకుని, వద్దన్నట్టు తలూపారు. నేను లాస్యని ఒళ్లోకి లాక్కుని, పెదవి మీద నెత్తురు మింగి, మంచి చెవి గోడవైపు తిప్పి చెప్పాను.

“టీవీ బాగానే ఉందండీ. మా ఆయన నన్ను కొడుతున్నారు. ఇన్నాళ్లూ మీరు విన్నదంతా నన్ను కొట్టడమేనండీ.”