రెండో ఓటు అడగనివ్వని బావమరిది

నా బావమరిది వేణు మనిషి కాడు. మా బోధన్ వైపు ఏ ఊళ్ళో సర్పంచ్ ఎన్నికలు జరిగినా మందు పంచేది వాడే, ఎవరికెన్ని ఓట్లు పడతాయో లెక్క చెప్పేదీ వాడే. ఆ లెక్క నమ్మి నేను మునిగాను.

నా కూతురు స్నేహలత నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చదువుతోంది. ఈ ఏడాది విద్యార్థి సంఘం అధ్యక్ష పదవికి నిలబడింది. పోటీలో ఇంకో ఇద్దరు: గోపీచంద్ అనే పిలగాడు, ధర్పల్లి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే జ్యోతిరాణి. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో లాగా పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయాలట. ఏడో తరగతిలోనే బడి మానేసిన నాకు ఆ ఓటు ఎన్నడూ లేదు. పిల్లనే అడిగాను.

"బాపూ, హోటల్ల ఏమంటవ్? పూరీ ఉంటె పూరీ తే, అయిపోతె ఇడ్లీ తే అంటవ్ గద. గదే ఇది. ఎవరికీ సగం దాటకపోతె ఆఖర్ల ఉన్నోళ్ళను తీసేస్తరు. ఆళ్ళ చీటీలు పారెయ్యరు. రెండో నంబరు ఎవరికేసిండ్రో ఆళ్ళకు కలుపుతరు. అందుకే జ్యోతిరాణి దోస్తులను రెండో ఓటన్న అడగాలె."

వేణు మండిపడ్డాడు. "నా మేనకోడలు ఇడ్లీ కాదు! రెండో ఓటు అడుగుడంటె రెండో సంబంధానికి ఒప్పుకున్నట్టే. ఇజ్జత్ పోతది. మనకు ఒకటో నంబరే. మిగిలిన పేర్ల పక్కన ఖాళీ!"

"మామా, ఇది సర్పంచ్ ఎన్నిక కాదు..."

"నేను నీకన్న ముందుగాల పుట్టిన్నే పిల్లా, నాకు చెప్పకు."

మరునాడు ఊళ్ళో చాయ్ హోటల్ ముందు కూడా వేణుది అదే గొప్ప. నా పొలం పక్క పొలం లింబయ్యది. మా చెరుకు ఫ్యాక్టరీకి పోయిన రోజుల నుంచీ వాడికి కాలువ కింది నా పొలం చెక్క మీద కన్ను. "అంత నమ్మకముంటె పందెం కాయిండ్రి. పిల్ల గెలిస్తె నా ట్రాక్టర్ మీది. ఓడితె ఆ చెక్క నాది" అన్నాడు.

"కాయి బావా! నేను లేనా?" అని వేణు నా చెయ్యి పట్టుకెళ్ళి లింబయ్య చేతిలో పెట్టాడు. పదిమంది చూశారు. మా దగ్గర అట్లా చేతిలో చెయ్యి పడ్డాక వెనక్కు తీసుకునేది లేదు.

పోలింగ్‌కు ముందు వేణు ఒక ఫంక్షన్ హాల్లో కాలేజీ పిలగాళ్ళకు బిర్యానీ పెట్టించాడు. జ్యోతిరాణి తనంతట తానే వచ్చింది.

"కాకా, మావోళ్ళతోని స్నేహకు రెండో నంబరు ఏపిస్త. మీవోళ్ళతోని నాకు ఏపియ్యిండ్రి. ఇద్దరికీ మంచిదే."

నేను నోరు తెరిచేలోపే వేణు ఇకిలించాడు. "ఏందమ్మా, మా ఎంగిలి ఓట్లకు ఆశపడ్డవా? ప్లేటు కావాల్నంటె పట్టుకో, తిని పో."

పిలగాళ్ళు ఎముకలు చీకుతూ పడి పడి నవ్వారు. జ్యోతిరాణి గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. స్నేహలత వెనకే గేటు దాకా ఉరికింది గానీ ఆమె ఆగలేదు.

లెక్కింపు రోజు మొదట స్నేహలతకు నాలుగు వందలు, గోపీచంద్‌కు మూడు వందల ఇరవై, జ్యోతిరాణికి నూట ఎనభై అన్నారు. వేణు అప్పుడే పటాకుల లడీ విప్పాడు. "సగం దాటలేదు మామా, ఆగు" అంది పిల్ల, మొహం పాలిపోయి.

జ్యోతిరాణిని తీసేసి ఆమె చీటీలు పంచారు. నూట నలభై గోపీచంద్‌కు పోయాయి. మా పిల్లకు ఇరవై ఐదు. మిగతా పదిహేనింటి మీద రెండో నంబరే లేదు. నాలుగు వందల అరవైతో గోపీచంద్ గెలిచాడు.

వేణు కోసం చూశాను. మా పిల్లకని తెచ్చిన బంతిపూల దండ గోపీచంద్ మెడలో వేస్తూ ఫోటో దిగుతున్నాడు. కాలర్ పట్టుకున్నాను.

"గుస్స చెయ్యకు బావా. రేపు ఈ పిలగాడే మనకు అక్కరకొస్తడు" అన్నాడు, పళ్ళన్నీ కనబడేట్టు. వాడి మొహాన ఉమ్మేద్దామనుకుంటే నోరు ఎండిపోయింది.

లింబయ్య ఒక్క రోజు కూడా గడువియ్యలేదు. తహసీల్దార్ ఆఫీసులో వాడి పేరు మీదికి రిజిస్ట్రేషన్‌కు వేలిముద్ర పెట్టి వచ్చాను. పోయింది కాలువ కింద ముప్పై రెండు గుంటలు, బోరుతో సహా.