హబ్బు మీద బొట్టు

దుర్గారావు చేతికి రాయగడలో ఉన్న పేరు అంతా ఇంతా కాదు. స్టీరింగు వణుకుతోందని ఎవరైనా బండి తెస్తే, మిషను దగ్గరికి పట్టుకెళ్లే ముందు తను పక్క సీట్లో కూర్చుంటాడు. అరచెయ్యి స్టీరింగు మీద ఆనించి, ఓ రెండు కిలోమీటర్లు తోలమంటాడు. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కు. అరవైలో మొదలై ఎనబైలో పోతే బేలెన్సింగు. ముప్పై ఏళ్లనించి అదే పద్ధతి, ఒక్కసారీ తప్పలేదు. తప్పలేదని ఆయనా చెప్పుకునేవాడు, ఊరూ ఒప్పుకునేది. మనిషికి తన చెయ్యి మీద అంత నమ్మకం మంచిది కాదండి. ఎప్పుడో ఓనాడు నెత్తికెక్కి కూర్చుంటుంది.

కొత్త సామానేది బిగించినా దానికి బొట్టు పెట్టడం వాళ్ల నాన్న నేర్పిన అలవాటు. ఆ పెద్దాయన పార్వతీపురం వైపునించి రైల్వే ఫిట్టరుగా ఇక్కడికొచ్చి, ఇక్కడే పోయేడు. తడిపిన పసుపు, మీద కుంకం, రెండు అక్షింతలు, బొటనవేలితో ఒక ఒత్తు. పెద్దాయన పైకి కనబడేలాగే పెట్టేవాడు. మొదటి వానకే కొట్టుకుపోతోందని దుర్గారావు లోపలివైపు పెట్టడం మొదలెట్టేడు. నా బొట్టు కడిగినా పోదు అని గిరాకీల దగ్గర గొప్పలు పోయేవాడు.

ఆ పసుపు కుంతి తెచ్చేది. టికిరి అవతల కొండమీద ఊరు ఆవిడది. వారానికోసారి రాయగడ దిగి కొమ్ములు అమ్ముకుని, మర్నాడు టికిరి సంత అందుకునేది. వెళ్తూ వెళ్తూ దుర్గారావు షాపు ముందు ఆగి, ఓ గుప్పెడు కొమ్ములు బల్లమీద పడేసి, డబ్బులిస్తే మూతి తిప్పుకుని పోయేది. దేవుడి పనికి డబ్బులేటని ఆవిడ కోపం.

ఆవిడ ఎక్కే బండి సౌమ్యరంజన్‌ది. రంజన్ అంటారందరూ. రాయగడ–టికిరి సర్వీసు తోలుతాడు, ఏడుగురు పట్టే పాత కారు. ఒడియా వాడే గానీ తెలుగు మనలాగే మాట్లాడతాడు. దుర్గారావుని మాత్రం వాళ్ల భాషలో మౌసా అంటాడు, బాబాయిని పిలిచినట్టు. పెళ్లయి రెండేళ్లు, చంకలో పిల్ల. బండే వాడి అన్నం కంచం.

ఆ కారుకి వెడల్పు టైర్లు వేయించుకున్నాడు రంజన్. వేయించుకున్నాక స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకోడం మొదలెట్టింది. బోరిగుమ్మలో ఎవడో స్పేసర్లు అంటగట్టేడు. చక్రానికీ, అది ఎక్కి కూర్చునే ఇరుసు మొన హబ్బుకీ మధ్య పెట్టే అల్యూమినియం బిళ్లలవి, రెండు రూపాయి కాసులు కలిపినంత మందం. చక్రం బయటికి జరుగుతుంది, రాపిడి పోతుంది. కానీ హబ్బులోంచి పొడుచుకొచ్చి నట్టుని పట్టే స్టడ్డు పొడుగు పెరగదు కదా. బిళ్ల మింగినంత మేరా నట్టుకి పట్టు తగ్గిపోతుంది, ఆరు చుట్లు తిరగాల్సిన నట్టు నాలుగు చుట్లతో ఆగిపోతుంది. దుర్గారావుకిది తెలియంది కాదు. వద్దురా అన్నాడు. రంజన్ బతిమాలేడు, గడ్డం పట్టుకున్నాడు. నువ్వు బిగిస్తే ఊడదులే మౌసా అన్నాడు. ఆ మాటకి దుర్గారావు పడిపోయేడు.

బొట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగేడు పాపం. స్పేసరుకి రెండు ముఖాలే, పెట్టడానికి వేరే చోటేదీ? హబ్బుకి ఆనే ముఖం మీదే పెట్టేడు, ముద్దగా, అక్షింతలతో సహా. పైన చక్రం ఎక్కించి నట్లు బిగించేడు. లోహం లోహానికి అంటుకుని కూర్చోవలసిన చోట బియ్యపు గింజలు కూర్చున్నాయి. అది ఆ క్షణాన ఆయనకి తట్టలేదు.

మూడోనాటికి రంజన్ మళ్లీ వచ్చేడు. స్టీరింగు వణుకుతోందన్నాడు. దుర్గారావు పక్కన కూర్చుని చెయ్యి ఆనించేడు. యాబై దాటేక సన్నగా తెలిసింది. బేలెన్సింగు అన్నాడు. చక్రాలు విప్పి మిషను మీద తిప్పితే ఒకదానికి పది గ్రాములు తేడా చూపించనే చూపించింది. సీసం ముక్క కొట్టి మళ్లీ బిగించేడు. స్పేసర్లు స్టడ్ల మీదే ఉన్నాయి, వాటిని లాగి చూడాలని తోచలేదు. తను వేసినదాన్ని తనే ఎందుకు అనుమానిస్తాడు?

నాలుగు రోజులకి విశ్వకర్మ పూజ వచ్చింది.

ఆ రోజు రాయగడలో పనిముట్టు ముట్టుకునేవాడుండడు. దుర్గారావు షాపులో ఎర్రగుడ్డ మీద స్పేనర్లన్నీ వరసగా పడుకున్నాయి, ఒక్కోదానికీ బొట్టు. జాకీకి దండ. మిగతా డ్రైవర్లు బళ్లు కడుక్కుని ఇళ్ల దగ్గరే పెట్టుకున్నారు. టికిరి సంత ఆ రోజే పడింది గనక రంజన్ మాత్రం తీసేడు. పొద్దున్న తొమ్మిదింటికి మనుషులతో సహా షాపు ముందు ఆపేడు. ఇప్పుడు నలబైలోనే వణుకుతోందన్నాడు.

దుర్గారావు పూజపంచె మీదే ఎక్కి కూర్చున్నాడు. వీధి చివర దాకా వెళ్లొచ్చేరు. ఈసారి అరచేతిలోకి వచ్చింది సన్న వణుకు కాదు. ఉండుండి టక్కుమని ఒక దెబ్బ, దాంతోపాటు సీటు కింద కదలిక. ఇది బేలెన్సింగు కాదని ఆయన చేతికి తెలిసిపోయింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

"నట్లు ఓపాలి సూడాల. రేపు పొద్దున్నే తే," అన్నాడు దిగుతూ.

"నా డిక్కీలో స్పేనరుంది మౌసా. అది పూజలో లేదు కదా. ఐదు నిమిషాల పని."

"ఇనుమంతా ఆయనదేరా. ఈ రోజు ముట్టను. ముప్పై ఏళ్లలో ముట్టలేదు. నువ్వూ ముట్టకు. నలబై దాటకుండా ఎల్లు, ఏటీ అవదు."

వెనక సీట్లోంచి కుంతి తల బయటపెట్టి, సంత దాటిపోతోందని ఇద్దర్నీ తిట్టింది. పొద్దున్నే పూజకని ఇచ్చి వెళ్లిన పసుపు ఎర్రగుడ్డ మీద ఉందో లేదో ఒకసారి చూసుకుంది. రంజన్ బండి కదిలించేడు. మౌసా ఏటీ అవదన్నాడు, ఇంకేం కావాలి వాడికి.

మూడింటికి కబురొచ్చింది. ఘాటీ మలుపులో ముందు ఎడం చక్రం ఊడి లోయలోకి పోయింది. బండి రాతిని కొట్టుకుని పక్కకి పడింది. కుంతి అక్కడికక్కడే పోయింది. ఇంకో ఇద్దరికి దెబ్బలు. రంజన్‌కి చెయ్యి విరిగింది. కట్టు కట్టించి ఠాణాలో కూర్చోబెట్టేరు. వేగంగా తోలి మనిషిని చంపేడని కేసు. అది నిలిస్తే లైసెన్సు పోతుంది, జైలు తప్పదు, వాడి పెళ్లాం సస్మితా పిల్లా వీధిన పడతారు.

దుర్గారావు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ముట్టుకోవలసిన రోజు స్పేనరు ముట్టలేదు, ఇప్పుడు అన్నం మానేస్తే ఎవరికి లాభమండి?

మర్నాడు మోటారు ఇన్‌స్పెక్టరు మూర్తి కబురు పెట్టేడు. కోరాపుట్‌లో తాతలనాటినించీ కచేరీ ఉద్యోగాలు చేసిన తెలుగు కుటుంబం ఆయనది, దుర్గారావంటే ఇరవై ఏళ్ల గురి. ఠాణా వెనక ఖాళీ జాగాలో నుజ్జయిన బండి ఉంది. స్పేసర్లు నువ్వే వేసేవని ఆ అబ్బాయి చెప్పేడు, నువ్వు బిగించింది ఊడదని నాకు తెలుసు, అయినా కాగితం మీద రాయాలి గనక నువ్వే విప్పి చూపించు అన్నాడు. దొంగని పట్టుకోమని దొంగ చేతికే లాంతరు ఇచ్చినట్టయింది.

ఎడం హబ్బు మీద విరిగిన స్టడ్లు తప్ప ఏమీ మిగల్లేదు. కుడివైపు చక్రం ఉంది. దుర్గారావు ముందు వేళ్లతో నట్టు తడిమి చూసేడు. నట్టు వేళ్లకే తిరిగింది.

 తలెత్తి చూస్తే మూర్తి ఫైల్లో ఏదో వెతుక్కుంటున్నాడు. అప్పుడు దుర్గారావు చేసిన పని చూడండి. స్పేనరు వేసి, దానికి పైపు తొడిగి, రెండు కాళ్లూ నేలకి తన్ని, పళ్లు బిగించి, ఎంతో బలం పెట్టినట్టు మూలిగేడు. ఐదు నట్లకీ ఐదుసార్లు మూలిగేడు. నోటితో అబద్ధం ఆడకముందే ఒళ్లంతా ఆడేసింది. గట్టిగా ఉన్నాయే అన్నాడు మూర్తి.

చక్రం లాగేడు. స్పేసరు లాగేడు. హబ్బు మీద ఆయన బొట్టుంది. ఎండి పెచ్చులూడిన పసుపు, మధ్యలో కుంకం గీత, ఓ మూల బొటనవేలి రేకలు. అక్షింతలు పిండయిపోయేయి. పిండి రాలిపోయిన చోట ఖాళీ, ఆ ఖాళీలో చక్రం ఆడిన కొద్దీ ఇనుము అరిగి తళతళలాడుతోంది. చదవడం వచ్చినవాడికి అదంతా తెల్లకాగితం మీద రాసినట్టే ఉంది. వణుకెందుకొచ్చిందో, నట్లెందుకు వదులయ్యేయో, కుంతి ఎందుకు చచ్చిపోయిందో, అన్నీ తన వేలిముద్రతో సహా. ఆవిడ పసుపే అది.

మూర్తికి ఫోనొచ్చింది. పక్కకి తిరిగేడు. దుర్గారావు భుజం మీద తువ్వాలు తీసి హబ్బు తుడిచేడు. రెండోసారి ఉమ్మితడి పెట్టి తుడిచేడు. మరక పోయింది.

"ఏం తేలింది?" అన్నాడు మూర్తి ఫోను జేబులో పెట్టుకుంటూ.

"స్పీడు బాబూ. రాయి తగిలి స్టడ్లు ఇరిగేయి."

మూర్తి రాసుకున్నాడు. స్పేసర్లు వేయించుకోవడమే రూలుకి విరుద్ధం, అదీ వాడి నెత్తినే పడుతుంది పాపం అని ఓ నిట్టూర్పు విడిచేడు. దుర్గారావు కింద సంతకం పెట్టేడు. ముప్పై ఏళ్ల పేరు నిలబడింది.

ఇంటికొచ్చి తువ్వాలు దండెం మీద పడేసి పడుకున్నాడు. భార్య పద్మకుమారి దాన్ని నూతి దగ్గరికి పట్టుకెళ్లి సబ్బు రాసింది. పచ్చటి మరక చూస్తుండగానే ఎర్రగా తిరిగిపోయింది. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఆవిడకి తెలీదా ఏమిటి, ఎన్ని చీరలు ఉతికిందో. అయినా ఆ తువ్వాలు పట్టుకుని గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"ఎక్కడిదీ పసుపు?"

"షాపుది."

"షాపులో పూజ నిన్నయింది. ఇది గ్రీసుతో కలిసుంది. ఎక్కడ తుడిసేవు?"

దుర్గారావు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడ తువ్వాలు అలాగే, ఎర్రగా, దండెం మీద ఆరేసింది. ఇంకో రెండు నీళ్లు పోస్తే పోయే మరకే. పోయలేదు.

మర్నాడు పొద్దున్న సస్మిత వచ్చింది, పిల్లని చంకనేసుకుని. తిట్టడానికొచ్చిందనుకున్నాడు దుర్గారావు. తిడితే బాగుణ్ణనీ అనుకున్నాడు. సస్మిత వాకిట్లోనే చెప్పులు విడిచి, వంగి ఆయన కాళ్లు ముట్టుకుంది. ఠాణానించే వస్తున్నానంది. సగం తెలుగులో, సగం ఒడియాలో చెప్పుకొచ్చింది. మొన్నటినించీ రంజన్ వేగంగా తోలలేదనే మొత్తుకున్నాడట. నిన్న సాయంత్రం కాగితం చదివి వినిపించేరట.

"తనకైతే స్పీడుగా పోయినట్టు గుర్తులేదంట మౌసా. కానీ మౌసా సూసి సెప్పేడంటే పోయే ఉంటాను, భయానికి మర్సిపోయుంటాను అన్నాడు. ఒప్పుకుని సంతకం పెట్టేసేడు. మీ పనికి సెడ్డపేరు తెచ్చినందుకు క్షమించమని మీకు సెప్పమన్నాడు."

 ముప్పై ఏళ్లు ఊరి చేత నమ్మించుకున్న చెయ్యి, ఆఖరికి ఒకడి చేత వాడి సొంత జ్ఞాపకాన్నే కాదనిపించింది.  పద్మకుమారి గుమ్మానికి ఆనుకుని నిలబడి దండెం వైపు చూస్తోంది.

ఆయన లేచేడు. దండెం మీంచి తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"మీ ఆయన నలబై దాటలేదు అమ్మీ," అన్నాడు. "నేనే దాటొద్దన్నాను, దాటలేదు. హబ్బు మీద నేను పెట్టిన బొట్టు వల్ల సక్రం కూకోలేదు. నిన్న నా కళ్లతో సూసేను. సూసి తుడిసేసేను."

 చంకలో పిల్ల సస్మిత చెవిపోగు పట్టుకు లాగుతోంది. ఆ చెయ్యి విడిపించి అడిగింది, గొంతు పెంచకుండానే.

"కుంతి మౌసీ శవం నిన్న మధ్యాన్నం దాకా ఆసుపత్రిలోనే ఉంది. ఆవిడ మొహం సూసేరా?"

సూడలేదన్నాడు దుర్గారావు.

సస్మిత చెప్పులు వేసుకుంది. ఈసారి కాళ్లు ముట్టలేదు. ఠాణా వైపు నడక మొదలెట్టింది. దుర్గారావు వెనకాల బయలుదేరేడు. దారిలో షాపుంది, ఎర్రగుడ్డ మీద స్పేనర్లు ఇంకా తియ్యలేదు. అక్కడ ఆయన కాళ్లు ఒక్క క్షణం ఆగేయి. సస్మిత ఆగలేదు. ఆయన తువ్వాలు చేత్తో గట్టిగా పట్టుకుని, ఆవిణ్ణి అందుకోవడానికి పెద్ద పెద్ద అంగలు వేసేడు.