జయకర్ కిటికీలో జనవరి

జమ్మలమడుగు పాత బస్టాండు కాడ తబితా నెట్ షాపుకు పొద్దున తొమ్మిదికల్లా జనం మొదలవుతారు. ఆధార్‌లో అడ్రసు మార్చుకునేవాళ్లు, పిల్లోళ్ల హాల్‌టికెట్లు తీసుకునేవాళ్లు, ఏం కావాల్నో తమకే తెలీక "ఏదో ఒకటి చూడు తల్లీ" అనేవాళ్లు. తబితా షట్టరెత్తి, ఊడ్చి, ప్రార్థన చేసుకుని, అప్పుడు కిటికీ తెరుస్తుంది.

కిటికీ అంటే గోడకుండేది కాదు. ఆమె మొగుడు జయకర్ ప్రొద్దుటూరు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే రోజుల్లో సొంతంగా రాసిన సాఫ్ట్‌వేర్. బ్రౌజర్‌లో అడ్రసులు కొట్టలేక పెండ్లాం తికమకపడతాందని, వెబ్‌సైటుకొక బొత్తాం పెట్టినాడు. రైళ్లకొకటి, రిజల్ట్స్‌కొకటి, కాలేజీ సీట్లకొకటి. బొత్తాం నొక్కితే ఆ పేజీ వచ్చి ఈ సాఫ్ట్‌వేర్ చట్రంలోనే కూర్చుంటుంది.

దాని గుణం ఊరందరికీ తెలిసిందే. పని ముగించకుండా వదిలేసిన పేజీ అందులో పాతబడదు. తెరిచిన నాటి ఎండా చలీ, మాటా మంతీ దాంట్లోనే నిలిచిపోతాయి. పని ముగిస్తే మూసుకుంటుంది, మళ్లీ రాదు. అందుకే మే నెలొస్తే టీ బంకు మహబూబ్ బాషా స్టూలు ఈడ్చుకుని కంప్యూటర్ పక్కన చేరతాడు.

"ఆ జనవరి పేజీ తెరువు తబితమ్మా, వడగాలికి సస్తాండాం."

"నీ బంకులో ఫ్యాను లేదని నా షాపు మీద పడతావేందప్పా!"

తిడతానే తెరుస్తుంది. షాపంతా చల్లబడుతుంది. చలితో పాటు జయకర్ గొంతు కూడా వస్తుంది. చర్చి పాటేదో కూనిరాగం తీస్తా, మధ్యలో దగ్గుతా ఉంటాడు. "ఏం జయకరప్పా, బాగుండావా?" అని బాషా పలకరిస్తాడు. జవాబు రాదు గానీ పాట మాత్రం ఆగదు. తబితా తెరను తనవైపు తిప్పుకుంటుంది, ఎవ్వరినీ చూడనీదు. ఎందుకంటే అది షహనాజ్ ఫారం.

పద్నాలుగేండ్ల కింద జనవరిలో నర్సింగ్ ట్రైనింగ్ సీటుకని షహనాజ్ ఈ షాపులోనే ఫారం నింపించుకుంది. సాయంత్రం ఐదుకు గడువు. నాలుగుకల్లా అంతా నిండింది, సబ్మిట్ నొక్కేది ఒక్కటే మిగిలింది. ఆ దినం చర్చిలో కోతల పండగ. దేవునికి తెచ్చిచ్చిన కోళ్లు, చెరుకుగడలు, కూరగాయలు చర్చి ముందర వేలం వేస్తారు. "సైటు శానా నిదానంగా ఉంది, వచ్చినాక నొక్కుదాంలే" అని షహనాజ్‌ను ఇంటికి పంపి, మొగుడూ పెండ్లామూ షట్టర్ దించి పోయినారు. ఒక గుమ్మడికాయ కాడ పాస్టరు బావమరిదితో పంతం పట్టి, వచ్చేసరికి ఆరు దాటింది, గడువు పోయిందనుకుని షాపు తెరవనేలేదు. ఏం గుమ్మడికాయో ఏమో! మూడో దినం ఎర్రగుంట్ల రోడ్డులో లారీ గుద్ది జయకర్ పోయినాడు.

నలభై దినాలు దాటినాక షాపు తెరిస్తే, ఆ పేజీలో నాటి చలీ, మొగుని పాటా అట్లనే ఉన్నాయి. దాంట్లో టైము ఇంకా నాలుగే, గడువు దాటలేదు. సబ్మిట్ నొక్కితే షహనాజ్‌కు సీటొస్తుందని తబితాకు తెలుసు. నొక్కితే జయకర్ పోతాడనీ తెలుసు. ఆ పొద్దు కరెంటు పోయిందని షహనాజ్‌తో అబద్ధం చెప్పి, తేలు కుట్టిన దొంగ మాదిరి ఊరకుండిపోయింది. షహనాజ్ మళ్లీ ఈ మెట్టెక్కలేదు. ఒక ఆస్పత్రిలో ఆయాగా కుదురుకుంది.

మొన్నామధ్య బంద్ నాడు బజారంతా మూసేసినారు. తబితా ఒక్కతే సగం షట్టర్ దించుకుని, పాట వింటా కూర్చోనుంది. షహనాజ్ వంగి లోపలికొచ్చింది.

"ఇంగ యాడా తెరవలేదు, అందుకొచ్చినా. ఆధార్ జెరాక్స్ కావాల."

తబితా గాబరాగా లేచి జెరాక్స్ మిషన్ కాడికి పోయింది. తెర తిప్పడం మరిచిపోయింది.

"అక్కా, ఈ ఫోటో నాదే గదా?"

తబితా మిషన్ ఆపేసింది. "నీదే. ఆ పొద్దు కరెంటు పోలేదు షహనాజ్. తర్వాతైనా నొక్కుండొచ్చు, నేనే నొక్కలా. ఆయన గొంతు కోసరం నీ బతుకు దాచిపెట్టుకున్నా."

"పద్నాలుగేండ్లక్కా! పద్నాలుగేండ్లు ఆ బెడ్‌ప్యాన్లు కడగతాండా!" షహనాజ్ తెర మీది ఫోటోను వేలితో పొడిచింది. ఇంకా ఏమేమో అనబోయింది. లోపల జయకర్ దగ్గి, మళ్లీ పాటందుకున్నాడు. ఆమె వింటా నిలబడింది. కండ్లు తుడుచుకుంది.

"ఈ అన్న ఆ దినం నన్ను సిస్టరమ్మా అని పిలిచినాడు," అంది చివరికి. "వద్దులేక్కా, ఉండనీ. నాకిప్పుడు ముప్పైరెండు, ఇంగేం చదువుతా?"

"ఈ పేజీలో నీకు పద్దెనిమిదే," అని తబితా సబ్మిట్ నొక్కేసింది.

లోపల కుర్చీ కిర్రుమంది. "అయిపాయ. పా తబితా, పోదాం," అన్నాడు జయకర్. ఆ వెనకే పడుచు తబితా నవ్వు. చెప్పుల చప్పుడు దూరమైంది. చట్రం తెల్లగా మిగిలింది. షాపులోకి ఎండ వేడి కొట్టింది. ప్రింటర్ లోంచి రసీదు బయటికొచ్చింది. తబితా షహనాజ్ భుజం మీద తలపెట్టి బావురుమంది.

పదైదు దినాలకు పులివెందుల ట్రైనింగ్ స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. వయసు ఎవురూ అడగలేదు. బస్టాండులో తబితానే బస్సెక్కి పెట్టె పైన పెట్టి కిందికి దిగింది. షహనాజ్ బస్సులోంచి తల బయటపెట్టింది.

"ఏడుస్తాండావా అక్కా?"

"ఆ, ఏడుస్తాండా. నువ్వు తల లోపలికి పెట్టుకో సిస్టరమ్మా, బస్సు కదుల్తాంది."