సంచిలో పడ్డ కవరు

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పోయినేడాది పనిలో ఉండగానే కాలు విరిగింది. ఆపరేషన్‌కి డబ్బు కట్టమంటే చేతిలో చిల్లిగవ్వ లేదు. ఏడుస్తూ అన్నయ్య వాళ్ళింటికి పరిగెత్తాను. అన్నయ్య లేడు, వదిన ఉంది. మాట పూర్తి కాకుండానే చేతికున్న నాలుగు బంగారు గాజులూ తీసి నా చేతిలో పెట్టింది. తాకట్టు పెట్టుకో, మీ అన్నయ్యకి నేను చెప్పుకుంటాను అంది.

కాలు అతుక్కుంది కానీ సంసారం అతుక్కోలేదు. ఆయన మంచంలో ఉన్నన్నాళ్ళూ ఫోన్లో దొరికే అప్పులు, కార్డుల మీద అప్పులు, ఒకదాన్ని తీర్చడానికి ఇంకొకటి. నేను పగలంతా స్కూలు యూనిఫారాలు కుట్టి తెచ్చేది వడ్డీలకే సరిపోయేది కాదు.

అలాంటప్పుడు మేం వెళ్ళే ప్రార్థన మందిరంలో మంగళవారం సాయంత్రాలు అప్పుల్లోంచి బయటపడే దారి నేర్పుతారని తెలిసి మా ఆయన ఇద్దరి పేర్లూ రాయించి వచ్చాడు. నేను అంతెత్తున లేచాను. మన లెక్కలు దేవుడికి తెలియవా, మళ్ళీ క్లాసులో కూర్చుని చెప్పాలా అని దులిపేశాను. నాకు నోరు కాస్త పెద్దది. ఆయనకు చెవులు కాస్త చిన్నవి. అందుకే మా కాపురం సాగుతోంది.

పాఠం చెప్పేది బ్యాంకులో కేషియర్‌గా చేసి రిటైరైన ఆవిడ. అందరూ కేషియరమ్మ అంటారు. మొదటి రోజు ప్రార్థన అయ్యీ కాగానే ఎవరి దగ్గరైనా కత్తెర ఉందా అని అడిగింది. పని మీంచి నేరుగా వచ్చానేమో, నా సంచిలో ఉంది. దానితో క్లాసులో అందరి క్రెడిట్ కార్డులూ ముక్కలు చేసి పారేసింది. బట్ట కోసే కత్తెరతో ప్లాస్టిక్ కోస్తే పదునేం మిగులుతుంది? లోపల్లోపలే పళ్ళు నూరుకున్నాను. మరుసటి వారం తన డబ్బుతో సాన పట్టించి తెచ్చిచ్చింది. అప్పుడే ఆవిడ మాట వినాలనిపించింది.

ఆవిడ నేర్పింది పెద్ద విద్యేం కాదు. డబ్బు రాగానే కవర్లలో సర్దాలి. అద్దెది, తిండిది, ఒక్కో అప్పుది, దేనికదే. అన్నిటికంటే ముందుండేది దేవుడి కవరు. పీకల్దాకా అప్పుల్లో ఉన్నవాళ్ళకి కానుక ఏమిటండీ అని క్లాసులోనే అడిగేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. ఎంత చిన్నదైనా పరవాలేదు, ముందు ఇచ్చి చూడు, మిగిలింది ఎంతో అప్పుడు నిజంగా తెలుస్తుంది అంది. నిజమే. అంతకుముందు మా ఇంట్లో డబ్బు ఎటు పోయేదో ఎవరికీ తెలిసేది కాదు, తగాదా ఒక్కటే తెలిసేది. కవర్లు వచ్చాక తగాదాలు తగ్గాయి. ఒక్కొక్క అప్పూ తెగింది. ఫోను మోగితే గుండె జారిపోవడం మానేసింది. అందుకు ఆవిడకి, ఆ దేవుడికి ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో.

చివరికి వదిన గాజులు మిగిలాయి. తాకట్టు కొట్టాయన సోమవారం సాయంత్రంలోగా విడిపించుకోకపోతే వేలం వేసేస్తానని తేల్చి చెప్పాడు. మా ఆయన సెలవు రోజుల్లో కూడా లిఫ్టు గుంటల్లోకి దిగాడు. నేను మెడ పట్టేసినా కుట్టుమిషన్ ముందు నుంచి లేవలేదు. శనివారానికి మొత్తం సొమ్ము గాజుల కవరులో పడింది. సోమవారం పొద్దున్నే తీసుకోవాలి, మర్చిపోకూడదని దాన్ని కవర్లు దాచే డబ్బాలో అన్నిటికంటే ముందు పెట్టాను.

ఆదివారం ఆరాధనకి ఆలస్యమైంది. ఎప్పట్లాగే మా ఆయన డబ్బాలో ముందున్న కవరు తీసి జేబులో పెట్టుకున్నాడు. కానుక సంచి రాగానే భక్తిగా కళ్ళు మూసుకుని అందులో వేశాడు.

ఇంటికొచ్చి డబ్బా తెరిస్తే దేవుడి కవరు అక్కడే ఉంది. ముందున్నదే తీశాను కదా అని ఆయన, చూసుకోవద్దా అని నేను. చివరికి ఆయన, సంచిలో పడింది వెనక్కి అడిగితే ఏం బాగుంటుంది, దేవుడే చూసుకుంటాడులే అన్నాడు.

"దేవుడు చూసుకుంటాడు సరే, వదిన ముఖం ఎవరు చూస్తారు? పద" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను.

మందిరం వెనక గదిలో కానుకలు లెక్కపెడుతున్నారు. కేషియరమ్మ, పక్కన ఒక సంఘ పెద్ద. విషయం చెబుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దాయన అడ్డంగా తల ఊపాడు. సంచిలో పడ్డది తిరిగిచ్చే ఆనవాయితీ లేదమ్మా, రేపు ఇంకొకరు ఇలాగే అడగడానికి వస్తారు అన్నాడు. ఆ మాటా తప్పు కాదు.

కేషియరమ్మ ఆ కవరు చేతిలోకి తీసుకుని ఇదెవరి డబ్బు అని అడిగింది. మా వదినది అన్నాను.

"మరి ఆవిడ ఇవ్వలేదుగా" అంది కేషియరమ్మ పెద్దాయన వైపు తిరిగి. "వీళ్ళది కానిది వీళ్ళెలా ఇస్తారండీ? దేవుడు ఇంకొకరి గాజులు తీసుకోడు."

పెద్దాయన కాసేపు గడ్డం గోక్కుని, సరే ఇచ్చెయ్యమన్నాడు. నేను మా చిన్న కవరు అందించాను. ఆవిడ దాన్నీ రెండు చేతులతో అందుకుంది. దారి పొడుగునా మా ఆయన కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను మాత్రం ఆయన్ని ఆటపట్టిస్తూ నవ్వుతూనే ఉన్నాను. అంత తేలిగ్గా ఊపిరి పీల్చి ఎన్నాళ్ళయిందో.

సోమవారం గాజులు విడిపించి నేరుగా వదిన దగ్గరికి వెళ్ళాను. బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. గాజులు చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను, మా ఆయన కళ్ళు మూసుకున్న తీరు కూడా చేసి చూపించాను. వదిన పగలబడి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గాజుల వంక చూస్తూ నిలబడింది.

"ఆ క్లాసులో మా ఇద్దరికీ చోటుంటుందా?" అంది.

నాకు అర్థం కాలేదు. వదిన స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. అన్నయ్య కొట్టు మీద అప్పులు నా అప్పులకంటే ముందు నుంచీ ఉన్నాయట. వడ్డీవాళ్ళు ఇంటికే వచ్చి కూర్చుంటున్నారట. నేను ఏడుస్తూ వెళ్ళిన రోజు వదిన చెప్పులేసుకుని బయల్దేరబోతోందట, ఆ గాజులు తాకట్టు పెట్టడానికే.

"మరి నాకెందుకిచ్చావు వదినా?"

"మాది వడ్డీనే" అంది వదిన. "నీది మనిషి కాలు."

నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. వదిన నా తల నిమురుతూనే, మీ అన్నయ్య రానంటాడేమో అని భయపడుతోంది. అన్నయ్య సంగతి నాకొదిలెయ్యమన్నాను. తడి బట్టలు ఇంకా బకెట్‌లోనే ఉన్నాయి. లేచి ఇద్దరం కలిసి ఆరేశాం.