ఊ కొట్టిన బూట్లు

బావని మరదలు తిట్టని రోజంటూ ఆ మిషన్లు చేసే షెడ్డులో ఉండదు. ఆ రోజు మాత్రం ఆమెకి తిట్టే తీరిక కూడా లేదు. మధ్యాహ్నం జ్యూస్ ఫ్యాక్టరీ ఓనరు వస్తున్నాడు.

ఆయన కోసం చేసిన సీసాలు నింపే మిషను ఆమె ఒంటిచేత్తో ప్రోగ్రాం రాసిన మొదటి మిషను. కిందటిసారి ఆయన చూడటానికొస్తే ఆ మిషను కుళాయి తెరిచి, మూయడం మరిచిపోయి, ఆయన తెల్ల చొక్కాని నారింజ రసంలో ముంచి తీసింది. ఆయన కాలరు పిండుకుంటూ ఒక్కటే మాటన్నాడు: "ఇంకోసారి తడిశానో, దీన్ని మీరే ఉంచుకుని బట్టలారేసుకోండి!"

బావంటే ఆమె అక్క మొగుడు, ఆ షెడ్డులోనే ఫిట్టరు. మనిషి పనిమంతుడే, కానీ చేతిలో పానా లేనప్పుడు బుర్రలో అల్లరి ఉంటుంది. ఉన్నప్పుడూ ఉంటుంది. మరదలికి టిక్కులమ్మ అని పేరు పెట్టింది ఆయనే.

ఆ పేరుకో కారణముంది. మిషను బోర్డులో ఒక టైమర్ సెకనుకి వెయ్యిసార్లు టిక్కుమంటుంది. టిక్కుమన్నప్పుడల్లా కెర్నల్ అనే ఇంటిపెద్ద లేచి, నువ్వు కుళాయి చూడు, నువ్వు బెల్టు నడుపు అని ఎవరి పని వాళ్ళకి పురమాయిస్తాడు. ఈ ఇంటిమీద నమ్మకం చాలక పక్కనే ఇంకో టైమర్ని కాపలా పెట్టారు. దాని పేరు వాచ్‌డాగ్. పేరుకి కుక్కే గానీ, గుణానికి కథ చెప్పే అమ్మమ్మ. ఇంట్లోవాళ్ళు మధ్యమధ్య ఊ కొడుతూ ఉండాలి. ఊ వినబడలేదా, వీళ్ళు గుర్రుపెట్టారనుకుని బోర్డు నెత్తిన ఒక్క మొట్టికాయ వేసి మళ్ళీ మొదట్నించీ లేపుతుంది. లేచీ లేవగానే కుళాయిలన్నీ మూసుకుంటాయి.

కిందటిసారి కుళాయి చూసే పని ఎందుకు ఆగిందో మరదలికి తెలుసు. రసం నురగ సెన్సరు కన్ను కప్పేసింది. 'సీసా నిండింది' అన్న కబురు కోసం కుళాయి పని నోరు తెరుచుకుని కూచుంది. తెలియనిదల్లా ఒకటే. పని అలా కొయ్యబారిపోతే అమ్మమ్మ ఎందుకు మొట్టలేదు?

బావ బెల్టు కింద దూరి పడుకున్నాడు. బూట్లు రెండూ బయటికి కనిపిస్తున్నాయి. మరదలు వాటికి వీపు పెట్టి, లాప్‌టాప్‌లో తల దూర్చి మాట్లాడుతోంది.

"బావా, వింటున్నావా?"

"ఊ."

"టిక్కులు బానే ఉన్నాయి. ఊ కూడా టైముకే వెళ్తోంది. మరి పని చచ్చి పడుంటే ఆ ఊ కొట్టేదెవడంటావ్?"

"ఊ."

"ఊ కాదు, కాస్త ఆలోచించు."

"ఊ."

"పోనీ ఆ చిన్న స్క్రూడ్రైవర్ ఇటివ్వు."

"ఊ."

వెనక్కి చెయ్యి చాపి కూచుంది. చెయ్యి నొప్పెట్టింది గానీ స్క్రూడ్రైవర్ రాలేదు.

"నీకసలు బుర్రుందా?"

"ఊ."

"అడ్డగాడిదవి కదూ?"

"ఊ."

"అక్క కొత్త గొడుగు పారేసింది నువ్వేనని ఫోన్ చేసి చెప్పనా?"

"ఊ."

అక్కడ మరదలికి అనుమానం తగిలింది. అక్క పేరెత్తితే ఊ అనే మొనగాడు కాదు బావ, కాళ్ళబేరానికొచ్చే రకం. లేచి వెళ్ళి బూటు పట్టుకుని లాగింది. బూటు చేతికొచ్చింది, కాలు రాలేదు. లోపలున్న పాత ప్యాంటునిండా గుడ్డపీలికలు. వాటి మధ్య బావ ఫోను, ఉండుండి బావ గొంతుతో ఊ అనేలా రికార్డు పెట్టి ఉంది. తిట్టడానికి ఆమె నోరు తెరిచేలోగా అది బుద్ధిగా "ఊ" అంది.

తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. మొదట్లో ప్రోగ్రాం పరీక్షించేటప్పుడు వాచ్‌డాగ్ మాటిమాటికీ మొడుతుంటే విసుగొచ్చి, 'ఊ కొట్టే పని నువ్వే చూసుకో' అని టిక్కుకే అప్పజెప్పింది. టిక్కుకేం, ఇల్లు కూలినా టిక్కుమంటూనే ఉంటుంది. కుళాయి పని నిలువుగుడ్లేసినా టిక్కు ఊ కొడుతూనే ఉంది. అమ్మమ్మ కథ చెబుతూనే ఉంది.

"ఊ," అంది ఫోను.

"నోర్ముయ్, అర్థమైంది!" అని మరదలు కీబోర్డు మీద పడింది. టిక్కు దగ్గర ఊ పీకేసింది. ఇకనుంచి కుళాయి పనే ఊ కొట్టాలి. అదీ సీసా నింపి వచ్చాక, సీసా లేకపోతే లేదని చూసుకున్నాక.

ఎదురుగా టీ కొట్టునించి బావ రెండు గ్లాసులతో వచ్చాడు. చేతిలో బూటుతో ఎదురొచ్చిన మరదలిని చూసి గుమ్మంలోనే ఆగాడు.

"టిక్కులమ్మా, టీ తాగి కొడతావా, కొట్టి తాగుతావా?"

"ఇలా రా బావా, నీ కాళ్ళకి దండం పెడతా. అవెలాగూ ఇక్కడే ఉన్నాయిగా!"

మధ్యాహ్నం బయట మాడు పగిలే ఎండ. ఓనరు మాత్రం మెడదాకా రెయిన్‌కోటు బిగించుకుని వచ్చాడు.

"ముందు జాగ్రత్త," అన్నాడు మొహం గంటు పెట్టుకుని.

"మీరే సెన్సరు కన్ను కప్పి చూడండి సార్," అని మరదలు నల్ల టేపు చేతికిచ్చింది.

సీసా నిండుతుండగా ఆయన సెన్సరు కన్ను మీద టేపంటించి, ఒక్క గెంతు వెనక్కి గెంతాడు. రసం సీసా మూతిదాకా వచ్చింది. పొంగబోయే క్షణంలో బోర్డు మీద లైటు ఆరి వెలిగింది. కుళాయి ఠక్కున మూసుకుంది. ఒక్క చుక్క జారి సీసా మెడమీద ఆగింది.

ఆయన ఇంకా రెండుసార్లు చూసి, రెయిన్‌కోటు విప్పేశాడు. లోపల మనిషి చెమటతో తడిసి ముద్దయ్యాడు.

"ఈ తడుపు లెక్కలోకి రాదులెండి," అన్నాడు నవ్వుతూ. "రేపు పొద్దున్నే మా ఫ్యాక్టరీకి పంపించెయ్యండి."

ఆయన వెళ్ళాడో లేదో బావ ఫోను మోగింది. స్పీకర్లో అక్క.

"ఏమండీ, వచ్చేటప్పుడు ఏం తేవాలో పొద్దున చెప్పాగా, గుర్తుందా?"

"ఊ," అన్నాడు బావ టీ చప్పరిస్తూ.

"అక్కా, ఊ అంటే నమ్మకు!" అని మరదలు కేకేసింది. "ఏం చెప్పావో తిరిగి చెప్పమను!"

"అవునండీ, చెప్పండి చూద్దాం."

బావ నోరు కూడా ఠక్కున మూసుకుంది.