ఆఖరి ‘నా’

వార్తలు చదివేవాళ్ళ నాడి ఎలా పట్టుకోవాలో కాబోయే విలేఖరులకి నేర్పడం మేడం ఉద్యోగం. ఆ పాఠం ఆవిడ నోటే వినాలని కాలేజీలో పేరు. ఆ పేరంటే ఆవిడకీ కాస్త మోజే. ఆ రోజు క్లాసు ఎంతకీ తెమిలేలా లేదని, కూతుర్ని బడి నుంచి తీసుకురావడానికి మొదటిసారి బాబాయిని పంపింది. తల నెరిసిన ఆ బాబాయికి చెముడు. ఎవరేం అడిగినా ఒక నవ్వు నవ్వి తన దారిన తాను పోతాడు. పాపేమో మొండిఘటం. అమ్మ రాలేదంటే వీధంతా ఏకం చేస్తుంది.

క్లాసంతా ‘బ్రేకింగ్’ అని పిలిచే కుర్రాడు ఆలస్యంగా, రొప్పుతూ వచ్చాడు.

“దారిలో ఒక ముసలాయన ఏడుస్తున్న పిల్లని లాక్కెళ్తున్నాడు మేడం. ఎవరని అడిగితే నవ్వి వెళ్ళిపోయాడు. ఫొటో తీశా. మీరు చెప్పినట్టే మొహాలు మసక చేసేశా.”

మేడం ఆ ఫొటోని సరిగ్గా చూడనైనా లేదు. ఆవిడకి కావలసింది పాఠానికో ఉదాహరణ, అది కాళ్ళ దగ్గరికే వచ్చింది. కళ్ళు నెత్తికెక్కితే ఎదుటిది కనపడదు మరి.

“నెట్లో మన క్లాసు పేజీలో పెట్టు. ‘ఏడుస్తున్న పాపతో ముసలాయన’ అని.”

పెట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు.

“ఇప్పుడు మార్చు. ‘పిల్లల్ని ఎత్తుకెళ్ళేది ఇతనేనా?’”

గోడ మీది తెరపై, చూసినవాళ్ళ అంకె పరుగందుకుంది. వెనక బెంచీలు ఈలలేశాయి.

“చూశారా? జనానికి కావలసింది వార్త కాదు, గాభరా.”

ముందు వరసలోని కళ్ళద్దాల అమ్మాయి లేచింది. “తప్పు కదా మేడం? ఆయన తాతయ్యేమో.”

“అందుకేగా చివర ‘నా’ పెట్టాం. మనం అనలేదు, అడిగామంతే. ఆ ఒక్క అక్షరమే మనకి రక్ష. క్లాసయ్యాక తీసేద్దాంలే.”

ఆ అమ్మాయి కూర్చుంది గాని, చేతిలోని ఫోను మీంచి చూపు తిప్పలేదు. కాసేపటికి మెల్లగా అంది. “మేడం, పక్కవాళ్ళకి పంపేవాళ్ళు ‘నా’ తీసేశారు.”

నిజమే. వరసగా ‘ఇతనే’, ‘ఇతనే’. ఎవరో వీధి పేరు కూడా రాశారు. అది మేడం ఇంటికి వెళ్ళే దారి.

“మసక లేని ఫొటో చూపించు.”

బ్రేకింగ్ ఫోనందించాడు. పొద్దున హడావుడిలో తాను అల్లిన జడలు, ఒకటి పైకీ ఒకటి కిందికీ. పక్కన బాబాయి, అదే నవ్వుతో.

“తీసెయ్ బాబూ, ముందది తీసెయ్.”

పేజీలోంచి పోయింది. జనం చేతుల్లోకి వెళ్ళింది మాత్రం పోలేదు. పోలీసులకి ఫోన్ చెయ్యమంటూ మేడం తలుపు దాకా పరుగెత్తింది. వెనక నుంచి కళ్ళద్దాల అమ్మాయి ఫోనులో కొత్తగా వచ్చింది పైకి చదివింది.

“‘పట్టుకున్నాం. పాప మా దగ్గరుంది. వాడు నోరు విప్పట్లేదు, ఇంకా నవ్వుతున్నాడు. అందరూ రండి.’ మేడం... ఆయన మీకు తెలిసినాయనేనా?”

“మా బాబాయే,” అంది మేడం.