నెలవంకకు సాక్షి

రంజాన్ మాసం ఇరవై తొమ్మిదో దినం, సూర్యాస్తమయ వేళ. పరియమాన్ పట్టణానికి ఉత్తరాన, ప్రార్థనశాల ముందరి ఇసుకదిబ్బ మీద నెలవంకను చూడడానికి సమకూడినవారు: మతన్యాయస్థానం నుంచి వచ్చిన న్యాయమూర్తి హాజీ బుస్తమీ, ప్రార్థనశాల పెద్ద తువాంకు సిదీ, పాడాంగ్ కళాశాలలో చరిత్ర బోధించే జస్రిల్, అతని చెల్లెలు యుస్నెల్లి, వారి వెనుక దాదాపు సగం ఊరు.

దిబ్బ నడుమ కొత్త దుర్భిణి నిలబడి ఉంది. అంతవరకూ ఆ ఊళ్ళో నెలవంకను వట్టి కళ్ళతోనే చూసి, కనబడితే మర్నాడు పండుగ, లేకుంటే ఇంకో ఉపవాసం అనేవారు. ముసలికళ్ళను నమ్ముకుని పండుగ నిర్ణయించడం తగదని జస్రిల్ చాలాకాలం వాదించాడు. చివరకు తువాంకు ఒప్పుకున్నాడు గాని, ఒక మాట అన్నాడు: "సరే, తెప్పించు. కానీ ఎంచేదీ నువ్వే, చూసేదీ నువ్వే, ఖురాన్ ముందు ప్రమాణం చేసేదీ నువ్వే. తర్వాత నా మీద పెట్టకు."

ఆ వర్షాకాలమంతా జస్రిల్ దుర్భిణుల గురించి చదివాడు. కటకానికీ దర్పణానికీ గల భేదం అతనికి కంఠస్థం. చేయనిది ఒక్కటే: ఏ దుర్భిణికీ కన్ను ఆనించి చూడలేదు. పాడాంగ్ తీరంలో ఆకాశాన్ని చూసే బృందమొకటి శనివారాలు తమ పరికరాలు నిలబెట్టి, వచ్చినవారందరికీ చూపిస్తుంది. అక్కడికి వెళ్ళమని యుస్నెల్లి పోరింది. "సంతలో చెప్పులు కొన్నా కాలు దూర్చి చూస్తాం కదా ఉదా. నువ్వు కన్ను పెట్టకుండానే కొంటావా?" అంది. అన్నను ఉదా అని పిలిచే చెల్లెలు వేళాకోళమాడితే కాదనలేక ఒకసారి వెళ్ళాడు. తీరా అక్కడున్నది అతని పూర్వవిద్యార్థిని.

"మొదటి టెలిస్కోపా గురువుగారూ? అయితే చిన్నది తీసుకోండి. ఎక్కువ మేర కనిపించేది. ముందు దీంట్లో చూడండి, రండి," అని ఆ అమ్మాయి ఆప్యాయంగా పిలిచింది.

"మొదటి" అన్న మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. "నాక్కాదమ్మా, ఊరివాళ్ళకి. ఊరికే పోల్చి చూసుకుంటున్నాను," అని చెప్పి, చూడకుండానే వెనుదిరిగాడు. తర్వాత తెప్పించుకున్నది మనిషంత పొడవున్న దర్పణపు దుర్భిణి. బొమ్మలో అన్నింటికంటె అదే పండితుల పరికరంలా కనిపించింది. దాన్ని గదిలో బిగించుకున్నాడే గాని, తడబడుతుంటే ఇరుగుపొరుగు చూస్తారని ఒక్కనాడూ వాకిట్లోకి తేలేదు.

సూర్యుడు సముద్రంలో మునిగాడు. ఖర్జూరంతో ఉపవాసం విరిచి అందరూ పడమటికి తిరిగారు. జస్రిల్ కన్ను ఆనించాడు. లోపల ఆకాశం చిన్న ముక్కగా, పాలిపోయిన వెలుగుగా ఉంది. గొట్టాన్ని వేలితో కదిలిస్తే ఆ ముక్క ఎక్కడికి పోతుందో తెలియలేదు.

"ఏంటి జస్రిల్, గొట్టంలో దాక్కున్నాడా చంద్రుడు?" అన్నాడు తువాంకు.

"దాక్కోలేదండీ, మామక్‌ని చూసి సిగ్గుపడుతున్నాడు!" అంది వెనుక నుంచి ఒకామె. అక్కచెల్లెళ్ళ పిల్లలకే కాక ఊళ్ళో చిన్నవాళ్ళందరికీ జస్రిల్ మామక్, మేనమామ.

"తొందరగా తేల్చు మామక్! పొయ్యి మీద మాంసం ఉంది. రేపు పండగైతే కొబ్బరిపాలు ఇప్పుడే ఇగరాలి," అంది ఇంకొకామె.

నవ్వులు సద్దుమణిగాయి. అందరి చూపులూ అతని వీపు మీదే ఉన్నాయి. ఇంకొంచెం సేపు మౌనంగా ఉంటే చేతకానివాడని తేలిపోతుంది.

"కనిపించింది," అన్నాడు.

అల్లాహు అక్బర్ అంటూ తక్బీర్లు మిన్నంటాయి. యుస్నెల్లి ఓణీ కొసతో కళ్ళొత్తుకుంది. ఎవరో పండుగ చాటే డోలు వైపు పరుగెత్తారు.

"డోలు ఆపండి," అన్నాడు న్యాయమూర్తి. "ముందు సాక్ష్యం, తర్వాత ప్రమాణం, ఆ తర్వాత మీ ఇష్టం."

చాప మీద కూర్చుని, అట్టమీద కాగితం పరిచి, అలవాటైన ప్రశ్నలు అడిగాడు. "సూర్యుడు దిగినచోటుకి ఏ పక్కన, బాపక్?" అన్నాడు, అయ్యా అన్నంత మర్యాదగా.

"ఎడమ పక్కన."

"కొమ్ములు ఎటున్నాయి?"

"పైకి. గిన్నెను వెల్లకిలా పెట్టినట్టు." పంచాంగంలో అలాగే ఉంది.

న్యాయమూర్తి కలం ఆపి లేచాడు. "నేనూ ఒకసారి చూడనా?"

"ఈపాటికి అస్తమించి ఉంటుందండీ," అన్నాడు జస్రిల్ తొందరగా.

"చంద్రుణ్ని కాదు. అదిగో, ఆ పడవని." చాలాసేపు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి, చూసి, పక్కకు తప్పుకున్నాడు. "తువాంకు, మీరూ చూడండి."

"అరెరే! పడవ బోర్లా పడిందే! తెరచాప కొయ్య నీళ్ళలోకి, అడుగు ఆకాశంలోకి!" తువాంకు పకపకా నవ్వాడు. జనమూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ముసలాయన ఆగిపోయాడు. "అవునూ జస్రిల్... లోకమంతా దీంట్లో తలకిందులైతే, నీ నెలవంక ఒక్కటే తిన్నగా ఎలా నిలబడిందయ్యా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. దర్పణపు దుర్భిణిలో దృశ్యం తలకిందులవుతుందని జస్రిల్‌కు తెలుసు. చదివిన ప్రతి పుస్తకంలోనూ ఉంది. తెలిసి ఉండి, చూసి ఉండకపోవడం ఇంత నగ్నంగా బయటపడుతుందని మాత్రం తెలియదు.

"మనసులో తిరగేసి చెప్పారేమో," అన్నాడు న్యాయమూర్తి మెల్లగా. "కొందరు సాక్షులు అలా చెబుతారు. అదే అయితే అనండి, ప్రమాణానికి వెళదాం."

తప్పించుకునే తలుపు తెరిచే ఉంది. అవునంటే చాలు, పరువు నిలుస్తుంది. రేపు ఊరంతా, అతని మాట మీద, ఉపవాసం ఉండవలసిన దినాన పండుగ భోజనం చేస్తుంది. యుస్నెల్లి అతన్ని చూడడం లేదు, ఇసుకను చూస్తోంది. అన్న గొంతులో అబద్ధం ఆమెకు చిన్ననాటి నుంచీ ఎరుకే.

"లేదండీ," అన్నాడు జస్రిల్. "ఏమీ కనబడలేదు. వట్టి వెలుగు."

"మరి కనిపించిందని ఎందుకన్నావు మామక్?" అంది కొబ్బరిపాల ఆమె. కోపం లేదు ఆ ప్రశ్నలో, నిజంగా అర్థం కాకే అడిగింది.

"మీరందరూ చూస్తున్నారని."

"పొయ్యి ఆర్పండే, రేపూ ఉపవాసమే," అంటూ ఆడవాళ్ళు దిబ్బ దిగారు. "ఇంకో రోజు ఉంటే ఎవరూ చావరులే," అని తువాంకు అతని భుజం తట్టాడు. ఆ తట్టు చెంపదెబ్బకన్న గట్టిగా తగిలింది. యుస్నెల్లి తన ఓణీ తీసి దుర్భిణి మీద కప్పింది.

న్యాయమూర్తి "చూచితిని" అన్న మాటను కొట్టివేసి, పైన "చూడలేదు" అని రాసి, కాగితం ముందుకు జరిపాడు. జస్రిల్ అలవాటు చొప్పున పేరుకు ముందు చదువు పట్టా అక్షరాలు రాయబోయి, ఆగి, వట్టి పేరు మాత్రం రాశాడు. సిరా ఆరేదాకా న్యాయమూర్తి కాగితాన్ని గాలికి పట్టుకున్నాడు. తర్వాత దాన్ని మడిచి, తోలుసంచిలో పెట్టుకుని, కట్టు బిగించాడు.